గిట్టాకు

ఆ రోజు చేయాల్సిన పనుల్ని జయపాల్ ముందురోజే కాగితం మీద రాసుకున్నాడు.

వన్ టౌన్‌లో పాత పేపర్లు రెండు కేజీలు కొనాలి, నలగనివి.
ఏడింటి పామర్రు బస్సు అందుకోవాలి.
మొక్కలు పది తవ్వాలి, వేళ్లతో సహా, తీగ తెగకుండా.
వాటిలో నాలుగైనా పువ్వున్నవి ఉండాలి.
కట్ట మీద మొక్క ఎక్కణ్ణుంచి ఎక్కడిదాకా ఉందో కొలవాలి.
పెద్దమ్మకు మోకాళ్ల నొప్పుల మాత్రలు.
ఫారంలో తొమ్మిదో గడి నింపాలి.

ఏడింటిలో ఆరు ఆ రోజే అయిపోయాయి. మాత్రలు మాత్రం మర్చిపోయాడు.

జయపాల్‌ది పామర్రు అవతల కాలువను ఆనుకుని ఉన్న చిన్న పల్లె. ఇంటిల్లిపాదిలోనే కాదు, చర్చి వీధి మొత్తంలో ఎమ్మెస్సీ దాకా చదివినవాడు అతనొక్కడే. తల్లి నాట్లకీ కోతలకీ పోతుంటే అతణ్ణి చంకనేసుకుని తిరిగింది పెద్దమ్మ సంపూర్ణమ్మ. ఆవిడకు పిల్లల్లేరు. పెనిమిటి పోయాక మిగిలినవి రెండు గేదెలు. వాటి పాలే ఆవిడ తిండి, బట్ట, ఆదివారం చర్చిలో వేసే కానుక. ఆ గేదెలకు మేత కాలువ కట్ట. అది తప్పితే పల్లెలో ఆవిడకు గడ్డి దొరికే చోటు లేదు. చుట్టూ ఉన్నవి ఒకరి చేలో, ఒకరి చేపల చెరువులో.

చదువయ్యాక జయపాల్ విజయవాడలో ఒక కాలేజీలో డాక్టర్ కీర్తన గారి దగ్గర పరిశోధనకు చేరాడు. మేడమ్‌కు నలభై లోపే ఉంటాయి. ఎవరినీ ఏకవచనంతో పిలవరు, ఎప్పుడూ గొంతు పెంచరు. జనవరిలో ఒకనాడు ఆవిడ తెర మీద ఏదో దేశపు మూడాకుల మొక్కను చూపిస్తుంటే, "ఇట్లాంటిది మా కట్ట మీద ఉందండీ" అన్నాడు జయపాల్. నోరూరుకోక అన్న మాట. మర్నాడు ఒక రెమ్మ తెచ్చి చూపించాడు. మేడమ్ మూడు రోజులు పుస్తకాలన్నీ తిరగేశారు. నాలుగో రోజు తన ఎదురుగా ఉన్న కుర్చీ చూపించి "కూర్చోండి జయపాల్ గారూ" అన్నారు. అంతకుముందు ఆ గదిలో అతను ఎప్పుడూ కూర్చోలేదు.

"ఇది ఏ పుస్తకంలోనూ లేదండీ. ప్రాజెక్టు పెడదాం. వస్తే మీ పీహెచ్‌డీ కూడా దీని మీదే. కానీ ఫారంలో తొమ్మిదో గడి ఖాళీగా ఉండకూడదు."

తొమ్మిదో గడి పేరు 'మొక్కకు పొంచి ఉన్న ప్రమాదం'.

"ప్రమాదం లేనిదాన్ని ఎవరు కాపాడతారు, మీరే చెప్పండి" అన్నారు మేడమ్ నవ్వుతూ.

అలా ఫిబ్రవరిలో ఒక పొద్దున, చంకలో పేపర్ల కట్టతో, చేతిలో చిన్న పారతో జయపాల్ కట్ట ఎక్కాడు. సంపూర్ణమ్మ గేదెల వెనక వస్తోంది.

"ఏరా జయపాలూ, పేపర్లేసే పనిలో చేరావా?"

"మొక్క కోసం వచ్చా పెద్దమ్మా. గిట్టాకు."

"దానికోసం బస్సెక్కి వచ్చావా? ఇన్నేళ్లు చదివించి నీ చేత గడ్డి పీకిస్తున్నారా? ఈమాత్రం దానికి నన్ను పంపినా సరిపోయేది కదరా కాలేజీకి."

గిట్టాకు ఆ కట్టకు లోపలివైపు వాలులో మాత్రమే ఉండేది. పైన బాటకూ కింద జమ్ముకూ నడుమ నాలుగడుగుల పట్టీ. నల్లరేగడి మీద కాలువ ఒండ్రు పలచగా పరుచుకున్న చోటు, తుమ్మచెట్ల పలచని నీడ. చేలో వెతికితే ఉండదు, రోడ్డు పక్కన ఉండదు, అవతలి గట్టున కూడా ఉండదు. వేలెడెత్తు లేవదు. తీగ నేలను కరుచుకుని పాకుతూ కణుపు కణుపుకీ ఒక వేరు దించుతుంది. కాడకు మూడాకులు, ఆకు ఆకుకూ నెలవంకలాంటి తెల్లచార. పువ్వంటే చిటికెన గోరంత గుత్తి, తెల్లగా, అడుగున లేత గులాబీ రంగుతో. వాడగానే గుత్తి తల వంచుకుని కాయను మట్టిలోకి పొడుస్తుంది. గింజ ఆవగింజలో సగం ఉంటుంది. పంటికింద వేసినా నలగదు.

జయపాల్ పారతో తవ్వాడు. తీగ తెగింది. మళ్లీ తవ్వాడు. మళ్లీ తెగింది.

"లే, పక్కకి లే" అని సంపూర్ణమ్మ మొక్క పక్కన మడమ ఆనించి, ఒంటి బరువంతా పెట్టి నొక్కింది. తడినేల సన్నగా నోరు తెరిచింది. ఆ సందులోకి వేళ్లు పోనిచ్చి తీగ మొత్తాన్ని ఎత్తింది. ఏడు కణుపులు, ఏడు వేళ్లు, ఎక్కడా తెగలేదు. జయపాల్ దాన్ని పేపరు మడతలో పరిచి ఒకటో నంబరు వేశాడు.

"దీన్ని ఎట్లా పెంచుతావు పెద్దమ్మా?"

"పెంచేదేంట్రా, తొక్కించడమే. నిన్న తొక్కిన చోట ఇవాళ తొక్కనియ్యను. నాలుగు రోజులాగి మళ్లీ అక్కడికే తోలతా. తుంగా గరికా లేచాయంటే దీనికి ఊపిరాడదు. గేదె వాటిని కొరికేస్తే దీనికి ఎండ తగులుద్ది. గిట్ట దిగిన గుంటలో నీళ్లు నిలిస్తే ఇది అందులో మొలుస్తుంది. అందుకే కదా గిట్టాకన్నారు."

"మరి గేదె దీన్ని కూడా తింటోంది కదా?"

"తినాలి. గింజ దాని కడుపులోనుంచి వస్తేనే మొలకొస్తుంది, లేకపోతే రాయే. మా అత్త చెప్పేది, కట్ట మీద పేడ కట్టదేనే అని. అన్ని చోట్లా పిడకలకు ఎత్తుకుంటాను గానీ ఈ పట్టీలో మాత్రం ఎత్తను."

జయపాల్ అంతా రాసుకున్నాడు. నోట్‌బుక్‌లో పేజీన్నర వచ్చింది.

సాయంత్రం బస్సులో ఉయ్యూరు దాటేదాకా తొమ్మిదో గడి ఖాళీగానే ఉంది. ఎంత ఆలోచించినా ఆ మొక్కకు ప్రమాదం కనబడలేదు. చెరుకు బండి అడ్డమొచ్చి బస్సు ఆగినప్పుడు పెన్ను తీసి మూడు మాటలు రాశాడు: అదుపులేని గేదెల మేత. అబద్ధం కాదు కదా అనుకున్నాడు. మొక్కను గేదె కొరకడం పొద్దున తన కళ్లతోనే చూశాడు.

మర్నాడు మేడమ్ ఫారం చూసి తలాడించారు. తర్వాత ఆ పేజీన్నర చదివారు.

"చాలా బాగా రాశారండీ. కాకపోతే అత్తగారు చెప్పింది బోటనీ కాదు కదా. పైగా ఒకచోట మేత ప్రమాదం అంటున్నాం, ఇంకోచోట మేతవల్లే బతుకుతోంది అంటున్నాం. చదివేవాళ్లు ఏమనుకుంటారు? రెండిట్లో ఏదో ఒకటి ఉంచండి. మీ ఇష్టం."

ఏది ఉంచాలో ఆవిడ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ లేదు. పేజీన్నరను జయపాల్ తన చేత్తోనే కొట్టేశాడు, స్కేలు పెట్టి, గీతలు వంకర పోకుండా.

ప్రాజెక్టు మంజూరైంది. మే నెలలో కాలువ కట్టేసి నేల బీటలిచ్చినప్పుడు, ఆ డబ్బుతో గిట్టాకు చుట్టూ కంచె వచ్చింది. ఇనుప స్తంభాలు, నిలువెత్తు జాలీ, ఒక గేటు, గేటుకు బోర్డు. రిబ్బను కత్తిరించింది ఊరి ప్రెసిడెంటు బసవయ్య. ఆయన చేపల చెరువులు కట్టకు ఆనుకునే ఉన్నాయి. చేపల మేత తెచ్చే లారీలకు గేదెలు అడ్డమొస్తున్నాయని ఏళ్లుగా వాటిని కట్ట ఎక్కనీయకుండా చూస్తున్నాడు గానీ చేతికి కాగితం దొరకలేదు. ఇప్పుడు దొరికింది.

జూన్‌లో నీళ్లొచ్చాయి. పుట్టినప్పటినుంచి నడిచిన దారి కాబట్టి గేదెలు రెండూ జాలీని కొమ్ములతో తోసుకుని లోపలికి వెళ్లాయి. బసవయ్య వాటిని తోలించుకుపోయి బందెలదొడ్డిలో కట్టేయించాడు. పెద్దది చూడిది, ఈనడానికి నెల ఉంది. కబురందుకుని జయపాల్ వచ్చేసరికి సంపూర్ణమ్మ దొడ్డి గోడ దగ్గర నిలబడి ఉంది. బసవయ్య కుర్చీలో ఉన్నాడు.

"రావయ్యా సైంటిస్టూ" అన్నాడు బసవయ్య. "నేనేదో పగబట్టి కట్టేయించానంటోంది మీ పెద్దమ్మ. ఇదిగో రిపోర్టు, తెలుగులో కూడా వేయించారు. ఆవిడకి చదువు రాదు, నా మాట మీద నమ్మకం లేదు. నువ్వే చదివి వినిపించు."

"చదవరా" అంది సంపూర్ణమ్మ. "నువ్వు చదివితే నమ్ముతా."

జయపాల్ చదివాడు. మొక్క కుటుంబం, ఊరివాళ్లు పిలిచే పేరు, నేల రంగు, ఆకు కొలత, పువ్వు పూసే నెల. ఎనిమిదో గడి దాకా చదివి కాగితం మడిచాడు.

"తొమ్మిదోది మింగేశావేంటయ్యా?"

కాగితం మళ్లీ విప్పాడు. "ప్రమాదం. అదుపులేని గేదెల మేత."

సంపూర్ణమ్మ దొడ్డిలో ఉన్న రెండు గేదెల వంక చూసింది. తర్వాత నెమ్మదిగా అడిగింది. "కట్ట మీద మేసేవి నావి రెండే కదరా?"

"ఆఁ."

"అదుపు లేకుండా మేపానా నేను?"

జయపాల్ కాగితాన్ని మళ్లీ మడిచాడు.

"పోనీలేవే సంపూర్ణం, చదువుకున్నోడు రాశాడు, నీకేం తెలుసు" అన్నాడు బసవయ్య. "మేడమ్ గారి దగ్గర్నుంచి ఒక్క లెటరు తెమ్మను, ఇప్పుడే వదిలేయిస్తా."

జయపాల్ అక్కడినుంచే మేడమ్‌కు ఫోన్ చేశాడు. "నాకూ బాధగానే ఉందండీ" అన్నారు ఆవిడ. "కానీ లెటరిస్తే మేతకు మనమే ఒప్పుకున్నట్టవుతుంది. రెండు మూడు రోజుల్లో వాళ్లే వదిలేస్తారులెండి." జయపాల్ రెండోసారి అడగలేదు. పెద్దవాళ్లు వద్దన్నాక మళ్లీ అడగకపోవడం అతనికి చిన్నప్పటినుంచి అలవాటు. ఆ అలవాటు నేర్పింది కూడా సంపూర్ణమ్మే.

నాలుగో రోజు గేదెల్ని వదిలారు. అప్పటికే పెద్దది ఆ ఎండలో, తొట్టిలో చుక్క నీళ్లు లేని ఆ దొడ్డిలోనే నెల తక్కువ దూడను వేసింది. దూడ లేవలేదు. ఆ తర్వాత గేదె పాలివ్వనూ లేదు. కట్ట లేకుండా వాటిని మేపలేక, సెప్టెంబరులో రెండిటినీ ఉయ్యూరు నుంచి వచ్చిన బేరగాడికి తోలేసింది సంపూర్ణమ్మ. పలుపులు మాత్రం ఇవ్వలేదు. ఇంటి చూరులో పెట్టుకుంది.

కంచే చేను మేసిందంటారు. ఈ కంచె మేయలేదు, మేయనివ్వలేదు. చేను అందుకే పోయింది. అక్టోబరులో జయపాల్ గేటు తీసుకుని లోపలికి వెళ్తే తుంగ నడుము దాకా లేచి ఉంది, దాని కింద గరిక దుప్పటిలా పరుచుకుంది. మోకాళ్ల మీద పాకి, గడ్డిని రెండు చేతులా చీల్చి వెతికాడు. గిట్టాకు కాడలు వెలుతురు కోసం జానెడు పొడుగు సాగి, దారప్పోగుల్లా పాలిపోయి ఉన్నాయి. ఆకుల మీద నెలవంక చార లేదు. లెక్కపెడితే పదకొండు. ఫిబ్రవరిలో లెక్కపెట్టడం కుదరక అడుగులతో కొలిచిన మొక్క అది.

ఆ సాయంత్రమే నోట్‌బుక్ పట్టుకుని మేడమ్ గదికి వెళ్లాడు. గీతలు కొట్టిన పేజీన్నర ఆవిడ ముందు పెట్టాడు.

"గేదెల్ని ఒక్క వారం లోపలికి వదిలి చూద్దామండీ."

మేడమ్ ఈసారి పూర్తిగా, నిదానంగా చదివారు. "నిజమే అయ్యుండొచ్చండీ" అన్నారు. "కానీ గేదెలు ప్రమాదమని రాసింది మీరే కదా. రిపోర్టు అచ్చయింది. మీ పీహెచ్‌డీ రిజిస్ట్రేషను కూడా దాని మీదే అయింది. మనుషుల్ని పెట్టి కలుపు తీయిద్దాం. మీ ఊళ్లో ఆడవాళ్లకు పని దొరికినట్టూ ఉంటుంది."

కలుపుకు వచ్చిన ఆరుగురిలో సంపూర్ణమ్మ ఒకతె. మోకాళ్లు వంగని మనిషి నేల మీద డేకుతూ కొడవలితో తుంగ కోసింది.

"గేదెల్ని మాన్పించి ఆ పని నాకిచ్చావట్రా" అంది జయపాల్‌తో. "కోసి ఊరుకోనా, నమలమంటావా?"

మిగతా ఆడవాళ్లు నవ్వారు. జయపాల్ కూడా నవ్వబోయాడు. ఆవిడ నవ్వడం లేదని అప్పుడు చూశాడు.

"ఇట్లా రాదురా ఇది. కోసినంతమాత్రాన నేల మెత్తబడదు. తొక్కాలి, పేడ పడాలి."

"మేడమ్ గారు ఒప్పుకోరు పెద్దమ్మా."

"ఆవిడ ఎప్పుడన్నా చూసిందా దీన్ని, నేల మీద?"

చూడలేదు. మేడమ్ కారు దిగి గేటు దాకానే వచ్చారు, ఫొటోలకు.

డిసెంబరులో ఒక మంచు పొద్దున సంపూర్ణమ్మ ఎవరి గేదెలదో పేడ గంపకెత్తుకుని, బిందెతో కాలువ నీళ్లు ముంచుకుని గేటు లోపలికి వెళ్లింది. ఆ పేడ కూడా ఏరికోరి తెచ్చిందే. అవతలి ఊరి గేదెలు కంచె చివర జాలీలోంచి మూతి పెట్టి గిట్టాకు తీగల్ని మట్టిలోని కాయలతో సహా కొరుక్కుతినడం ఆవిడ చూసింది. వాటి వెనక నాలుగు రోజులు తిరిగి ఎత్తుకొచ్చింది. నీళ్లు పోసి, మడమతో నేలను తొక్కి, గుంటలో గుప్పెడు పేడ పెట్టి, అడుగు ముందుకేసి మళ్లీ తొక్కింది. గుంటలు వరసగా, గేదె నడిచినట్టే పడ్డాయి. ఒక్కో గుంట పడ్డప్పుడల్లా మోకాలు పట్టుకుని ఆగింది.

వాచ్‌మన్ పవన్‌కుమార్ బాట మీదనుంచి ఫోన్లో వీడియో తీశాడు. అతని ఉద్యోగం అది. మర్నాడు జిల్లా పేపర్లో ఫొటో వచ్చింది, 'అరుదైన మొక్కను తొక్కేసిన మహిళ' అని. గేదెలు పోయిన కక్షతో చేసిందని బసవయ్య చెప్పినట్టు రాశారు. స్టేషన్‌లో ఆవిడను పొద్దుటినుంచి దీపాల వేళదాకా బల్ల మీద కూర్చోబెట్టి, ఇక కట్ట ఎక్కనని వేలిముద్ర వేయించుకుని పంపారు.

మేడమ్ ఫోన్ చేశారు. "జయపాల్ గారూ, మొక్కలు ఎందుకు తగ్గాయని ప్రాజెక్టు చూడ్డానికొచ్చే కమిటీ అడిగితే ఇప్పటిదాకా మన దగ్గర జవాబు లేదు. ఇప్పుడు ఉంది. మీరు ఆ ఊరివారు కాబట్టి ఆ జవాబు మీ సంతకంతో వెళ్తే బాగుంటుంది."

"ఆవిడ మా పెద్దమ్మండీ."

"అందుకే నమ్ముతారండీ."

సంతకం చేశాడు.

కమిటీ జనవరి మూడో వారంలో వస్తుందన్నారు. ఈలోగా ఆ అడుగుల గుంటలు పూడ్చి నేల చదును చేయించమని మేడమ్ చెప్పారు. జయపాల్ పవన్‌కుమార్‌ను వెంటబెట్టుకుని లోపలికి వెళ్లాడు. పదకొండు పాత మొక్కల్లో ఒక్కటీ లేదు. మొదటి గుంట, రెండో గుంట పూడ్చారు. మూడోదాంట్లో పార పెట్టబోతూ పవన్‌కుమార్ ఆగాడు.

"సార్, ఇక్కడేదో మొలిచింది."

జయపాల్ వంగి చూశాడు. పేడ ఎండి చిట్లిన చోట, ఆవగింజంత బద్దలు రెండు, వాటి నడుమ ఒక్క గుండ్రని ఆకు. గిట్టాకుకు మొదటి ఆకు ఎప్పుడూ ఒంటిదే, మూడాకులు తర్వాత వస్తాయి. చిన్నప్పుడు సంపూర్ణమ్మ చూపించింది. మిగతా గుంటలు చూశాడు. ప్రతి మడమ గుర్తులోనూ రెండో మూడో ఉన్నాయి. కట్ట మొత్తం మీద, అంటే ఈ భూమి మొత్తం మీద, మిగిలినవి అవే.

మొలకలు ఉంటే గుంటలు ఉండాలి. గుంటలు ఉంటే అవెవరు వేశారో చెప్పాలి. చెబితే తన సంతకం ఏమవుతుంది, రిజిస్ట్రేషను ఏమవుతుంది, మేడమ్ ఎదురుగా ఉన్న ఆ కుర్చీ ఏమవుతుంది. జయపాల్ ఇవన్నీ వరసగా ఆలోచించాడు. చదువు అతనికి వరసగా ఆలోచించడం బాగా నేర్పింది.

"పూడ్చమంటారా సార్?" అన్నాడు పవన్‌కుమార్. "కలుపేమో అనుకున్నా గానీ, చూస్తే ముద్దుగా ఉన్నాయి."

"పూడ్చు" అన్నాడు జయపాల్.

కమిటీ వచ్చి చదునుగా ఉన్న నేలను చూసి, కాఫీలు తాగి వెళ్లింది. మానవ తప్పిదం వల్ల మొక్క అంతరించిందని రాసింది. మరుసటి ఏడు మొక్కకు శాస్త్రీయ నామం పెట్టారు, మేడమ్ గారి గురువు పేరు కలిపి. ఆ తర్వాత రెండేళ్లకు జయపాల్‌కు పీహెచ్‌డీ వచ్చింది. చర్చి వీధిలో ఫ్లెక్సీ కట్టారు.

ఆ రోజు అతను మాత్రలు గుర్తుపెట్టుకుని కొన్నాడు. సంపూర్ణమ్మ గడపలో కూర్చుని ఉంది. అతణ్ణి చూసి గోడ పట్టుకుని లేవబోయింది.

"రండి డాక్టరు గారూ. కూర్చోండి."

"పెద్దమ్మా, నేను. జయపాల్‌ని."

"తెలుసండీ. కళ్లు బాగానే ఉన్నాయి." మాత్రల పొట్లం అందుకుని అటూ ఇటూ తిప్పి, తిరిగి అతని చేతిలోనే పెట్టింది. "ఇంక నడిచి ఎక్కడికి వెళ్లాలండీ. ఉంచండి, మీకు పనికొస్తాయి."

ఆ తర్వాత ఆరు నెలలు కూడా ఆవిడ లేదు. సమాధి మీద వేయడానికి పువ్వులు పామర్రు నుంచి తెచ్చారు.

విజయవాడలో ఆ కాలేజీలో ఎండిన మొక్కల్ని అట్టలకు కుట్టి దాచే గది ఒకటి ఉంది. మూడో బీరువాలో ఒకటో నంబరు అట్ట గిట్టాకుది. దాని మీద ఊరు పేరుంది, నేల రంగుంది, ప్రమాదం అన్నచోట గేదెల మేత అనుంది, సేకరించినవారు డాక్టర్ జయపాల్ అనుంది. మీరెప్పుడైనా అక్కడికి వెళ్తే ఆ తీగను ఒకసారి పరీక్షగా చూడండి. ఏడు కణుపులు, ఏడు వేళ్లు, ఎక్కడా తెగలేదు. పార పట్టిన చెయ్యి దాన్ని అలా ఎత్తలేదు. మడమతో నేలను నొక్కి, వేళ్లు పోనిచ్చి, నొప్పి కలగకుండా ఎత్తిన మనిషి ఒకావిడ ఉండేది. ఆవిడ పేరు ఆ అట్ట మీద లేదు. సంపూర్ణమ్మ. దయచేసి గుర్తుపెట్టుకోండి.